పాత రికర్వ్ వేట విల్లు: ఎంచుకోవడం, నారి ఎక్కించడం, బాణం వేయడం

మిషిగన్‌లో వేసవి శనివారాల్లో పాత ఇళ్ల సామాన్ల అమ్మకాలకు వెళ్లేవారికి ఒక దృశ్యం పరిచయమే. గ్యారేజీ గోడ మీద, ఎండిపోయిన రంగు డబ్బాలకూ తుప్పు పట్టిన రంపాలకూ నడుమ, నారి లేని విల్లు ఒకటి మేకుకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఆ ఇంటి పెద్దాయన 1960లలో కొని, కొన్నేళ్లు జింకల వేటకు తీసుకెళ్లి, కప్పీల విల్లు వచ్చాక ఆ మేకుకు తగిలించి మరిచిపోయి ఉంటాడు. మిస్సోరీకి చెందిన హాలెస్ విల్బర్ ఆలెన్ కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లుకు 1969 డిసెంబరులో పేటెంటు పొందాడు. ఆ తర్వాత పదేళ్లు తిరిగేసరికి అమెరికా వేటగాళ్లలో ఎక్కువమంది దానివైపు మళ్లారు. అందువల్లనే 1950ల నడిమి నుంచి 1970ల నడిమి దాకా తయారైన రికర్వ్ విల్లులు, వాడి వాడి అరిగిపోకుండానే, ఇన్ని మిగిలి ఉన్నాయి.

వీటిని కొని అద్దాల బీరువాలో పెట్టుకునేవారు ఉన్నారు, కొని బాణం వేసేవారూ ఉన్నారు. నేను రెండో కోవకు చెందినవాణ్ని కాబట్టి ఈ వివరణ కూడా ప్రధానంగా వారి కోసమే. రికర్వ్ అంటే కొసలు విలుకాడికి దూరంగా, ముందువైపుకు వంపు తిరిగిన విల్లు. లాగుతున్నప్పుడు ఆ వంపు కొంత విచ్చుకుంటుంది, వదిలినప్పుడు మళ్లీ ముడుచుకుంటూ బాణాన్ని తోస్తుంది. అందుచేత పొడుగు తక్కువైనా బలం తగ్గదు, పొదల మధ్య పట్టుకుని తిరగడానికీ సులువు. మధ్యలో గట్టి మేపుల్ చెక్క పలుచని పొరలు, వాటికి ముందూ వెనుకా ఫైబర్‌గ్లాస్, అన్నింటినీ పట్టి ఉంచే జిగురు: ఈ కాలపు విల్లు నిర్మాణం స్థూలంగా ఇంతే. పొడిగా ఉన్న చెక్క చెడదు, ఫైబర్‌గ్లాస్ అంత తేలికగా అలసిపోదు. కాబట్టి మీరు డబ్బిచ్చి కొంటున్నది ముఖ్యంగా 50 నుంచి 70 ఏళ్ల నాటి జిగురును. ఏ విల్లు కొనాలి, ఏ నారి కట్టాలి, ఎంత బరువైన బాణం వేయాలి, ఇంట్లో ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నలలో చాలావాటికి జవాబు ఆ ఒక్క విషయం గుర్తుంటే చాలు, వెతుక్కోనక్కర్లేదు.

పేర్లు, ఏళ్లు

ఈ రంగంలో మొదట వినిపించే పేరు బేర్ ఆర్చరీ. ఫ్రెడ్ బేర్ 1933లో డెట్రాయిట్‌లో మొదలుపెట్టిన ఈ సంస్థ 1947లో ఉత్తర మిషిగన్‌లోని గ్రేలింగ్ అనే చిన్న ఊరికి, 1978లో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు మారింది. సేకర్తలు "గ్రేలింగ్ విల్లు" అని ప్రత్యేకంగా చెప్పుకునేది ఆ మధ్యకాలపు సరుకును. గ్రిజ్లీ, కోడియాక్, 52 అంగుళాల పొట్టి కోడియాక్ మాగ్నమ్, 1967 నుంచి వచ్చిన సూపర్ కోడియాక్, కోడియాక్ హంటర్ అందులో ఎక్కువగా కనిపించే నమూనాలు. వీటిలో 1959 నాటి కోడియాక్ కోసం సేకర్తలు పోటీ పడతారు. బాణం వేయదలచినవారు ఆ పోటీలోకి దిగనక్కర్లేదు. గుర్రం పరుగెత్తేదైతే చాలు, జీను వెండిది కానక్కర్లేదు.

బేర్ ఒక్కటే కాదు. ఆర్కన్సాలోని పైన్ బ్లఫ్‌లో బెన్ పియర్సన్, టెక్సస్‌లోని జాక్సన్‌విల్‌లో బాబ్ లీ నడిపిన వింగ్, మిషిగన్‌లోనే కలమజూలో చేపల గాలాల తయారీతో పేరు పొందిన షేక్‌స్పియర్, మిస్సోరీలో ఎర్ల్ హాయిట్, వీరితోపాటు తుపాకుల బ్రౌనింగ్ సంస్థ కూడా ఆ రోజుల్లో చక్కటి వేట విల్లులు అమ్మాయి. నా అనుభవంలో, ఒకే స్థితిలో ఉన్న షేక్‌స్పియర్‌కూ బేర్‌కూ బాణం వెళ్లే తీరులో పెద్ద తేడా కనిపించలేదు, ధరలో మాత్రం కనిపించింది. మొదటి విల్లు కొనేవారికి ఇది లాభమే.

బేర్ విల్లుల విషయంలో అమ్మేవారు తరచూ చేసే ఒక పొరపాటును ముందే తెలుసుకోవడం మంచిది. చాలా విల్లుల మీద పేటెంటు వివరాల పక్కన "కెనడా, 1953" అని ఉంటుంది. అది పేటెంటు సంవత్సరమే కానీ విల్లు తయారైన సంవత్సరం కాదు. 1970ల విల్లు మీద కూడా అదే అంకె ఉంటుంది. "1953 నాటి అరుదైన విల్లు" అన్న ప్రకటన చూడగానే జేబు తడుముకోకుండా, ముందు క్రమసంఖ్యను అడగండి. 1965 నుంచి 1969 వరకు క్రమసంఖ్యలోని మొదటి అంకె సంవత్సరం చివరి అంకెను సూచిస్తుంది, అంటే 7తో మొదలైతే 1967. 1970 నుంచి సంఖ్యకు ముందు కె అనే అక్షరం చేరింది, అక్కడి నుంచి సంఖ్యను బట్టి ఏడాది చెప్పడం కుదరదు. అప్పుడు పిడి దగ్గర పొదిగిన బిళ్లను చూడాలి. 1959 నుంచి 1972 దాకా ఆ లోహపు బిళ్ల చెక్కతో సమానంగా, వేలికి తగలకుండా ఉంటుంది. ఆ తర్వాతివాటిలో బిళ్ల ఉబ్బెత్తుగా, వేలు పెడితే అంచు తగిలేలా ఉంటుంది. చీకటి గ్యారేజీలో కూడా బొటనవేలితోనే ఇంతవరకు తేల్చుకోవచ్చు.

1950 ప్రాంతంలో చెక్క పొరల మధ్య అల్యూమినియం రేకు పెట్టి చేసిన బేర్ విల్లులు కొన్ని వచ్చాయి. వాటిలో లోహానికీ చెక్కకూ జిగురు పట్టు నిలవలేదు. అటువంటిది దొరికితే గోడకు తగిలించండి, నారి ఎక్కించకండి.

చెయ్యీ, బరువూ

విల్లు కుడిచేతివారిదో ఎడమచేతివారిదో చాలామంది అమ్మకందార్లకు తెలియదు, తెలియకుండానే ప్రకటనలో ఏదో ఒకటి రాస్తారు. బాణం వేయబోతున్నట్లు, నారి మీ వైపు ఉండేలా విల్లును నిలబెట్టి పట్టుకోండి. బాణం ఆనే మెట్టు, అంటే షెల్ఫ్, పిడికి ఎడమ పక్కన చెక్కి ఉంటే అది కుడిచేతివారి విల్లు. ఎడమచేత్తో విల్లు పట్టి కుడిచేత్తో నారి లాగేవారిని కుడిచేతివారు అంటారు. మెట్టు కుడి పక్కన ఉంటే అది ఎడమచేతివారిది. ఫోటో చూసి కొంటున్నప్పుడు ఏ వైపు నుంచి తీశారో సరిగ్గా చూసుకోకపోతే, పార్సిల్ విప్పాక పశ్చాత్తాపపడవలసి వస్తుంది.

లింబ్ మీద, అంటే పిడికి పైనా కిందా వంగే భాగం మీద, సిరాతో "45#" వంటి అంకె రాసి ఉంటుంది. నారిని 28 అంగుళాలు లాగినప్పుడు చేతి మీద పడే బరువు 45 పౌండ్లని దాని అర్థం. మీరు 28 అంగుళాలు లాగుతారా అన్నది వేరే ప్రశ్న. చేతులు రెండూ బారజాపి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా కొలిచి, ఆ అంగుళాలను 2.5తో భాగిస్తే మీ లాగుడు పొడుగు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 66 అంగుళాలు వచ్చినవారికి అది 26 అంగుళాల పైచిలుకు. ఒక్కో అంగుళానికి సుమారు 2 నుంచి 3 పౌండ్లు తగ్గుతాయి కాబట్టి, ఆ మనిషి చేతిలో 45 పౌండ్ల విల్లు దాదాపు 40 పౌండ్ల విల్లుగానే పనిచేస్తుంది. అలాగని ఎక్కువ బరువున్నది కొనడం తెలివైన పని కాదు. నేను మొదట కొన్నది 55 పౌండ్ల కోడియాక్ మాగ్నమ్. నారి పూర్తిగా లాగకముందే చేతులు వణికేవి, ఆ వణుకుకు భయపడి గురి కుదరకముందే వదిలేయడం అలవాటైంది, ఆ అలవాటును పోగొట్టుకోవడానికి తేలికైన విల్లుతో రెండేళ్లు పట్టింది. పైగా అంత పొట్టి విల్లులో నారి కోణం ఇరుకై వేళ్లను నలిపేస్తుంది. కొత్తవారు 35 నుంచి 40 పౌండ్ల మధ్య, 58 లేదా 60 అంగుళాల పొడుగున్నది వెతకడం మేలు. వేట మాట తర్వాత చూసుకోవచ్చు.

దూదితో పరీక్ష

ఇక్కడే తొందరపడకూడదు. నేను అమ్మకాలకు వెళ్లేటప్పుడు జేబులో నాలుగు వస్తువులు పెట్టుకుంటాను: కాస్త దూది, ఒక విజిటింగ్ కార్డు, చిన్న టార్చి, కొలటేపు. ఒకసారి లాన్సింగ్ దగ్గర ఒక పాత ఇంట్లో మెరుగు ఏమాత్రం చెడని విల్లు ఒకటి కనిపించింది. చెక్క నిగనిగలాడుతోంది, అక్షరాలు చెరగలేదు, అడిగిన ధర 40 డాలర్లే. దూదిని లింబ్ అంచు మీదుగా పై నుంచి కిందికి మెల్లగా జరుపుకుంటూ వచ్చాను. పిడికి జానెడు దూరంలో సన్నని నూలుపోగు ఒకటి అంచుకు చిక్కుకుని నిలిచిపోయింది. టార్చి వేసి చూస్తే ఫైబర్‌గ్లాస్‌కూ చెక్కకూ మధ్య వెంట్రుకంత గీత ఉంది. విజిటింగ్ కార్డు మూల అందులోకి చిటికెన గోరంత లోతు దిగింది. జిగురు విడిపోయిందన్నమాట. ఆ విల్లును ఎవరైనా పూర్తిగా లాగి ఉంటే ఆ పొర పెచ్చులా లేచి ముఖం మీదికి వచ్చేది. దాన్ని అక్కడే ఉంచి, గీత ఎక్కడుందో అమ్మేవారికి చూపించి వచ్చాను. చూపించకపోతే నా తర్వాత వచ్చేవారు ఎవరో కొనేవారు.

దూది చిక్కిన ప్రతిచోటా ప్రమాదం ఉందని కాదు. పైపూత పగిలి గరుకెక్కినా పోగులు చిక్కుతాయి. వార్నిష్ మాత్రమే సాలెగూడులా పగుళ్లు తీస్తే దాన్ని లక్ష్యపెట్టనక్కర్లేదు. ఫైబర్‌గ్లాస్‌లో లింబ్ పొడుగునా, పోగుల దిశలోనే సాగే సన్నని తెల్లని గీతలు కూడా చాలావరకు హాని చేయవు. అడ్డంగా పోయే గీత మాత్రం వేరు. పోగులు తెగితేనే అడ్డగీత వస్తుంది, ముఖ్యంగా విలుకాడి వైపున్న ముఖం మీద అది కనిపిస్తే ఆ విల్లును వదిలేయాలి. లింబ్ పిడిలో కలిసే చోట, పలుచగా చెక్కిన చెక్క ఫైబర్‌గ్లాస్ కిందికి దూరే చోట, మరీ జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే వంగే భాగం వంగని భాగాన్ని తాకే చోటు అదే. నారి తగిలే కొప్పుల్లో చీలికలున్నాయేమో, గురిచూపు పరికరం బిగించడానికి ఎవరైనా మేకులు దించారేమో, కొత్తగా వార్నిష్ వేసి పాత గాయాన్ని కప్పారేమో చూడాలి. మేకుల రంధ్రాలు ధరను తగ్గిస్తాయే గానీ బలాన్ని సాధారణంగా తగ్గించవు. బాణం వేసేవారికి అవి బేరమాడడానికి పనికొచ్చే సాకు.

తర్వాత మెలి. నారి ఎక్కించిన విల్లును ఒక కొస నుంచి తుపాకీ గొట్టం చూసినట్లు కన్ను పెట్టి చూస్తే, నారి రెండు కొసల దగ్గరా లింబ్ నడిమి గాడిలోనే పడుకుని ఉండాలి. ఒక కొస దగ్గర అది పక్కకు జరిగి ఉంటే ఆ లింబ్ మెలితిరిగింది. ఫోటోలు చూసి కొంటున్నప్పుడు అమ్మేవారిని ఈ ఒక్క ఫోటో తప్పకుండా అడగాలి. ఇవ్వనంటే అనుమానించాలి, కానీ ఆయన దగ్గర నారి లేకపోవచ్చు, ఎక్కించడం రాకపోవచ్చు. రానివారితో బలవంతంగా ఎక్కించడం అంతకంటే ప్రమాదం.

నారి ఎక్కించడం

శివధనుస్సు నారి ఎక్కిస్తుండగా విరిగింది, రాముడికి పెళ్లయింది. మనకు ఆ అదృష్టం పట్టదు, విరిగిన విల్లే మిగులుతుంది. పాత విల్లులు చెడిపోవడానికి వాడకం కంటే నారి ఎక్కించే తీరే ఎక్కువ కారణం. పాత రోజుల్లో ఒక కాలు నారికీ వింటికీ మధ్య పెట్టి, తొడకు ఆనించి వంచి ఎక్కించేవారు. అలా చేస్తే వంపు బలమంతా ఒక పక్కకు పడి లింబ్ మెలితిరుగుతుంది. నేనూ ఒకరు చూపించగా ఇలాగే ఎక్కించి, ఏ మచ్చా లేని ఒక బెన్ పియర్సన్ కింది లింబ్‌ను మొదటిరోజే మెలితిప్పాను. దాని సంగతి కొద్దిసేపట్లో చెబుతాను.

స్ట్రింగర్ అనే తాడు పది పదిహేను డాలర్లకు దొరుకుతుంది. దానికి ఒక చివర కింది కొసను కప్పే తోలు తొడుగు, మరో చివర పై లింబ్ మీద ఆనే రబ్బరు దిమ్మ ఉంటాయి. నారి పెద్ద ముడిని పై లింబ్ మీదికి జార్చి, చిన్న ముడిని కింది కొప్పులో కూర్చోబెట్టి, స్ట్రింగర్‌ను రెండు చివరలా తగిలించి, తాడును పాదాలతో నేలకు తొక్కిపట్టి, పిడిని నిట్టనిలువుగా పైకెత్తాలి. లింబ్‌లు రెండూ సమానంగా వంగుతాయి, అప్పుడు రెండో చేత్తో పై ముడిని కొప్పులోకి జరపాలి. విల్లును కిందికి దించేముందు రెండు కొప్పులనూ కంటితో చూసి, నారి సరిగ్గా కూర్చుందని నిర్ధారించుకోవాలి. ఇదంతా చేస్తున్నంతసేపూ ముఖం కొసలకు ఎదురుగా ఉండకూడదు. తొడుగు జారితే కొస దెబ్బ పళ్లకు తగులుతుంది.

ఏళ్ల తరబడి నారి ఎరగని విల్లును ఎక్కించగానే పూర్తిగా లాగకూడదు. అరగంట అలాగే వదిలేసి, మళ్లీ దూదితో అంచులు తడిమి, ముందు నాలుగైదు అంగుళాలు పదిసార్లు, తర్వాత 15 అంగుళాలు పదిసార్లు, తర్వాత 20 దాకా లాగి మెల్లగా వెనక్కి తేవాలి. టిక్కుమనే చప్పుడు వినిపిస్తే ఆగిపోవాలి. లాగిన నారిని బాణం లేకుండా ఎన్నడూ వదలకూడదు. బాణం మోసుకుపోవలసిన బలమంతా అప్పుడు లింబ్‌ల మీదికీ ఆ పాత జిగురు మీదికీ తిరిగి వస్తుంది. ఇంటికి వచ్చిన అతిథి గోడ మీది విల్లును అందుకుని సరదాగా నారి లాగి వదలడం నేను చూశాను. అప్పటి నుంచి గోడకు తగిలించే విల్లులకు నారి ఉంచడం మానేశాను.

ఇక మెలితిరిగిన బెన్ పియర్సన్. కొద్దిపాటి మెలిని సరిచేయవచ్చు. నారి తీసి, లింబ్ మీద వేడినీళ్లు పోస్తూనో హెయిర్ డ్రయర్‌తోనో వేడిచేసి, మెలికి ఎదురు దిక్కుగా, సరైన స్థానం కంటే కాస్త ఎక్కువగా చేత్తో తిప్పి, అలాగే పట్టుకుని చన్నీళ్ల కింద చల్లార్చాలి. వేడి విషయంలో నా హద్దు ఒక్కటే: చెయ్యి పెట్టి ఓర్చుకోలేనంత వేడి జిగురు కూడా ఓర్చుకోలేదు. నాకు వారం రోజుల్లో అయిదుసార్లు చేస్తే నారి గాడిలోకి వచ్చింది. రంగులు కాల్చే హీట్ గన్‌తో ఒక్కసారిలో పని ముగించబోయి పొరలు విప్పుకున్నవారూ ఉన్నారు.

ఏ నారి, ఎంత ఎత్తు

ఈ కాలంలో దొరికే ఫాస్ట్ ఫ్లైట్ వంటి నారులు సాగవు. సాగని నారి బాణాన్ని వేగంగా పంపుతుంది, కానీ చివర్న ఆగేటప్పుడు ఆ కుదుపంతా కొప్పుల మీద పడుతుంది. పాత విల్లుల కొప్పులను అటువంటి నారి కోసం బలపరచలేదు. అందువల్ల బి-50 లేదా బి-55 అనే, కాస్త సాగే డాక్రాన్ నారినే కట్టాలి. 45 పౌండ్ల వరకు 12 పోగులు, ఆ పైన 14, ఇంకా బరువైనవాటికి 16 సరిపోతాయి. నారి కొనేటప్పుడు నారి పొడుగు కాకుండా వింటి పొడుగు చెప్పండి. 60 అంగుళాల వింటికి అమ్మే నారి నిజానికి అంతకంటే 3, 4 అంగుళాలు పొట్టిగా ఉంటుంది, ఆ లెక్క తయారుచేసేవారు చూసుకుంటారు. పురి పెట్టి పేనిన ఫ్లెమిష్ నారి అయితే పురి పెంచి పొట్టి చేసుకోవచ్చు, తగ్గించి పొడుగు చేసుకోవచ్చు.

పిడి లోతైన చోటు నుంచి నారి దాకా ఉన్న దూరాన్ని బ్రేస్ హైట్ అంటారు. 7.5 అంగుళాలతో మొదలుపెట్టి, పావు అంగుళం చొప్పున పెంచుతూ, ప్రతిసారీ నాలుగు బాణాలు వేసి చెవితో వినండి. ఒక చోట విల్లు చప్పుడు తగ్గి, చేతిలో కుదుపు తగ్గుతుంది. చాలా పాత వేట విల్లుల్లో ఆ చోటు 8.25 లోపే దొరికింది నాకు. ఆ కొలతను పిడి లోపలి వైపు పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. బాణం తగిలించే చోటును షెల్ఫ్ మట్టానికి అర అంగుళం పైన గుర్తుపెట్టి మొదలుపెట్టాలి.

బాణాలు

విల్లు మీద పెట్టినంత శ్రద్ధ బాణం మీద పెట్టనివారే ఎక్కువ, గురి తప్పడానికి సగం కారణం అక్కడే ఉంటుంది. నారి తోసినప్పుడు బాణం నేరుగా పోదు, పిడి చుట్టూ చేపలా వంగి దాటి, ఆ తర్వాత నిటారవుతుంది. ఎంత వంగాలన్నది దాని బిరుసును, అంటే స్పైన్‌ను బట్టి ఉంటుంది. నేటి విల్లుల్లో షెల్ఫ్ దగ్గర చెక్కను మధ్యగీత దాటేవరకు కోస్తారు. పాతవాటిలో చాలావరకు మధ్యగీత దాకానో అంతకు ముందుగానో ఆపేశారు. అంటే పాత వింటి బాణం ఇంకా ఎక్కువ వంగి దాటాలి, కాబట్టి అదే బరువున్న కొత్త వింటికి వాడే బాణం కంటే కాస్త మెత్తనిది కావాలి. దుకాణంలో పట్టిక చూసి ఇచ్చిన కార్బన్ బాణాలు ఎడమవైపుకే పోతున్నాయని వాపోయే కుడిచేతివారి బాధకు మూలం చాలాసార్లు ఇదే.

పాత వింటికి పోర్ట్ ఆర్ఫర్డ్ సీడార్ చెక్క బాణాలు ఎంత అందంగా కుదురుతాయో చెప్పనక్కర్లేదు, కానీ వంకరలు సరిచేస్తూ ఉండాలి. నాకు అల్యూమినియం నచ్చుతుంది. దాని మీది అంకెల్లోనే కొలతలున్నాయి. 1916 అని ఉంటే వ్యాసం అంగుళంలో 64 వంతుల లెక్కన 19, గోడ మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 16. 45 పౌండ్ల పాత వింటికి ప్రయత్నం మొదలుపెట్టడానికి ఇది మంచి బాణం. బరువు విషయంలో లాగుడు బరువు ప్రతి పౌండుకు కనీసం 9, 10 గ్రెయిన్లు (బాణాల బరువు తూచే చిన్న కొలమానం) ఉండేలా చూడండి, అంటే 45 పౌండ్లకు 405 నుంచి 450 గ్రెయిన్లు. తేలికైన బాణం వింటి బలాన్ని పూర్తిగా తీసుకుపోలేదు, మిగిలింది ఎక్కడికి పోతుందో పైన చెప్పాను. కార్బన్ వాడితే ముందు భాగంలో ఇత్తడి బరువులు చేర్చవలసి రావచ్చు. తోకకు నిజమైన పక్షి ఈకలే ఉండాలి. షెల్ఫ్‌ను రాసుకుంటూ వెళ్లేటప్పుడు ఈక మడుచుకుంటుంది, ప్లాస్టిక్ రెక్క మడుచుకోక బాణాన్ని పక్కకు తంతుంది.

సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఈకలున్న మూడు బాణాలతో పాటు ఈకలు లేని బాణం ఒకటి 15 గజాల నుంచి వేయండి. కుడిచేతివారికి ఈకలు లేని బాణం మిగతావాటికి ఎడమవైపు దిగితే అది బిరుసు ఎక్కువ, కుడివైపు దిగితే మెత్తన. బిరుసైనదానికి బరువైన ములికి పెట్టాలి, మెత్తనిదాన్ని పావు అంగుళం చొప్పున కోసి పొట్టి చేయాలి. మిగతావాటికి కిందుగా దిగితే నారి మీది గుర్తు మరీ ఎత్తుగా ఉంది. అందుకే మొదట బాణాలను పొడుగుగానే కొనడం మంచిది, కోసింది మళ్లీ అతకదు.

బాణం వేయడం

విజయవాడ అకాడమీల్లో తయారై ఒలింపిక్స్ దాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్ వంటివారు వేసేదీ రికర్వ్ వింటితోనే, కానీ వారి వింటికి లోహపు పిడి, గురిచూపు, తూకపు కడ్డీలు ఉంటాయి. పాత వేట వింటికి ఇవేవీ లేవు. చూపుడు వేలు బాణానికి పైన, రెండు వేళ్లు కింద ఉంచి, మూడు వేళ్ల మొదటి కణుపులతో నారి పట్టి, నడిమి వేలు నోటి మూలను తాకేవరకు లాగాలి. ప్రతిసారీ అదే చోటును తాకాలి, ఎందుకంటే వింటికి వెనుక గురిచూపు అంటూ ఉన్నది ఆ నోటి మూల ఒక్కటే. చేత్తో కాకుండా వీపు కండరాలతో లాగడం, విల్లు పట్టిన చేతిని బిగించకపోవడం, బాణం తగిలేదాకా ఆ చేతిని దించకపోవడం, ఈ మూడూ అలవాటయ్యేదాకా అయిదు గజాల దూరం దాటవద్దు. ముంజేతికి తోలు కవచం, వేళ్లకు తోలు తొడుగు లేకుండా వేస్తే మొదటి గంటలోనే ముంజేయి కమిలిపోతుంది.

నేను పొద్దున్నే పని మొదలుపెట్టేముందు పెరట్లో ఒకే ఒక్క బాణం వేస్తాను. చేతులు వేడెక్కాక వేసిన ఇరవయ్యో బాణం బాగా తగలడంలో గొప్ప లేదు, అడవిలో జింక ముందు మీకు దొరికేది ఆ మొదటి బాణమే. 8 అంగుళాల కాగితం పళ్లెం పెట్టి, రోజుకొక్కటి చొప్పున నెల రోజులు 20 గజాల నుంచి వేసి, ఎన్ని తప్పాయో గోడ క్యాలెండరు మీద గుర్తుపెట్టుకోండి. తప్పినవి ఉన్నంతకాలం ఆ దూరం నుంచి ప్రాణి మీద బాణం వేసే అర్హత రాలేదనే నా అభిప్రాయం. మిషిగన్‌లో విల్లుతో జింకల వేట కాలం అక్టోబరు 1న మొదలవుతుంది. లైసెన్సు, కనీస లాగుడు బరువు, ములికి వెడల్పు వంటి నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి మీ రాష్ట్రపు ఆ ఏటి నియమావళి చదవాలి. భారతదేశంలో ఉన్నవారికి ఈ ప్రశ్నే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం, అక్కడ ఈ విల్లు గడ్డి లక్ష్యానికే పరిమితం. వేట ఇష్టం లేనివారికి అమెరికాలో ఫోమ్‌తో చేసిన జింక బొమ్మలను అడవిదారుల వెంట నిలబెట్టి నడిపే 3డి పోటీలున్నాయి. మిషిగన్‌లో బెరియన్ స్ప్రింగ్స్‌లో ఏటా వేసవిలో జరిగే కాంప్టన్ అనే సంప్రదాయ విలుకాళ్ల సంఘం సమావేశానికి వెళితే, వందల పాత విల్లులు ఒకేచోట కనిపిస్తాయి, అమ్మేవారు పక్కనే నిలబడి బాణం వేయనిస్తారు కూడా.

దాచడం

పెద్దగా చెప్పేదేమీ లేదు. రోజు ముగిశాక స్ట్రింగర్‌తోనే నారి దించి, విల్లును రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. మూలకు ఆనించి నిలబెడితే కింది లింబ్ మెలితిరుగుతుంది. మురికి పోవడానికి సబ్బునీటిలో పిండిన మెత్తని గుడ్డ, ఆపైన కార్లకు పూసే మైనం చాలు. స్పిరిట్ తగిలితే అచ్చు వేసిన పేరు చెరిగిపోతుంది. పేరు చెరిగిన విల్లును సేకర్తలెవరూ ముట్టరు. జులైలో కారు డిక్కీలో విల్లును వదిలిపెట్టి దుకాణంలోకి వెళ్లవద్దు, మూసిన కారులో చేరే వేడి ఆ పాత జిగురుకు చాలా ఎక్కువ. నేను వెనుక సీటు మీద దుప్పటి కప్పి ఉంచేవాణ్ని, ఇప్పుడు అదీ మానేసి, విల్లు చేతిలో ఉన్న రోజున దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటికే వస్తున్నాను.